పదమూడో ఎక్కం

మూడో కీమో అయిన వారానికి
వంటింట్లో నిలబడి అడిగాను:
"అదేదీ... అదే...
గంజి పోయేదీ, మెతుకులు ఉండేదీ."
"కొలాండరా?" అన్నాడు ఫణిధర్.
మాటా, గిన్నే, రెండూ చేతికందించాడు.
అదే. కానీ అది కాదు.
రెండూ పట్టుకుని ఏడ్చాను.

ఇరవై రెండేళ్ళు మందుల షాపు కౌంటరు వెనక నిలబడ్డదాన్ని.
ఏ మాత్రకి ఏది పడదో
నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని.
ఇప్పుడు నా నరంలోకెక్కే ఎర్రమందు పేరు
సిరంజి మీది చీటీలో చదువుకుంటున్నాను
కూడబలుక్కుని, ఒకటో తరగతి పిల్లలా.

"నడవండి," అంది షాన్, ఆసుపత్రిలో వ్యాయామాల పిల్ల.
"మాట్లాడగలిగేంత వేగం. పాట పాడలేనంత వేగం."
నడిస్తే మాటలొస్తాయా?
"కొందరికి తేటపడుతోంది. మీకూ అని చెప్పలేను."
అబద్ధమాడనందుకు ఆ పిల్ల నచ్చింది.
నచ్చినందుకు బూట్లు కొన్నాను.

స్వాన్సీలో ఒక్కోపూట సముద్రం ఉండదు.
ఎటో వెళ్ళి ఉంటుంది,
బురదా, గవ్వలూ, ఎవరిదో ఒంటి చెప్పూ వదిలేసి.
తిరిగొస్తుందా అని ఎవరూ కంగారుపడరు.
దీన్నుంచి నీతి తీద్దామనుకున్నాను గానీ
ఆ గాలికి నీతులు నిలవవు.
ఉన్ని టోపీ నిలిస్తే చాలు,
కింద పట్టుకోడానికి జుట్టు లేదు.

నా నడకకి తాళం ఎక్కాలు.
దీపస్తంభానికో మెట్టు.
పదమూడు ఒకట్ల పదమూడు
పదమూడు రెళ్ళ ఇరవయ్యారు
పదమూడు మూళ్ళ
మూళ్ళ

పక్కన ఎమ్రిస్, రిటైరైన బస్సు డ్రైవరు.
అతనిది పెద్దపేగు. నాది ఎడమ రొమ్ము.
ఊళ్ళ పేర్లు చెప్పుకున్నట్టే చెప్పుకున్నాం.
ముప్పై ఏళ్ళు ఒకే రూటు తిప్పినవాడు
మొన్న తనింటి మలుపు దాటి వెళ్ళిపోయాట్ట.
మా ఇద్దరికీ ఒక ఒప్పందం:
ఒకరి నోట ఆగిన మాట ఇంకొకరు అందించకూడదు.
నోరు ఆగొచ్చు, కాళ్ళు ఆగకూడదు.
"గురువారం" అనడానికి ఒకసారి
మూడు దీపస్తంభాలు పట్టింది నాకు.
అతను బురద వైపు చూస్తూ నడిచాడు,
చిల్లర వెతుక్కునే ముసలమ్మ కోసం
బస్సు ఆపి కూర్చున్నట్టు.

ఫణిధర్ ఆగలేడు.
నేను తడబడకముందే నా వాక్యం పూర్తిచేసి
ముఖంలోకి చూస్తాడు, సరిగ్గా చెప్పానా అని.
సరిగ్గానే చెబుతాడు.
అదే కష్టం.

అయిదో కీమో మర్నాడు కాళ్ళు సీసం.
సోఫా నుంచి తలుపు దాకా,
తలుపు పట్టుకుని కాసేపు,
మళ్ళీ సోఫా దాకా.
ఫోన్లో సిగ్గుపడుతూ చెబితే
నాలుగు నిమిషాలు అని రాసుకుంది షాన్.

నిన్న మంబుల్స్ లైట్‌హౌస్ కనబడే మలుపులో
పదమూడు ఏళ్ళ దగ్గర ఇరుక్కుపోయాను.
చిన్నప్పుడూ అక్కడే తినేదాన్ని బెత్తం దెబ్బ.
ఏళ్ళ... ఏళ్ళ...
ఎమ్రిస్‌కి తెలుగు రాదు. అయినా ఊరుకున్నాడు.
ఒక దీపం. ఇంకో దీపం.
ఒక కుక్క, దాని నోట్లో తడి బంతి.
తొంభై ఒకటి రాలేదు.
వేరేది వచ్చింది, పిలవకుండా, మా అమ్మ గొంతంత గట్టిగా:
"సిబ్బి!"

కుక్క బంతి వదిలేసి నా వైపు చూసింది.
ఎమ్రిస్ ఏమిటని అడగలేదు.
ఎవరో ఎక్కారన్నట్టు తలూపి
ముందుకే నడిచాడు.

సిబ్బి, సిబ్బి అనుకుంటూ నేనూ.
తొంభై ఒకటి తర్వాతి స్టాపులో ఎక్కుతుందేమో,
ఎక్కదేమో.